గేటు దగ్గర బాబాయి

ఉదయం ఏడింటికి నాన్న బస్సు డిపోకి బయల్దేరతాడు. ఎనిమిదికి అమ్మ మందుల షాపు తెరవడానికి వెళ్తుంది. ఎనిమిదింపావుకి బాబాయి మంచం దిగి, మొహం కడుక్కుని, అద్దం వంక చూడకుండానే తల దువ్వుకుని, మూలగదిలో పాత కంప్యూటర్ ముందు కూర్చుని గేటు వంక చూడటం మొదలుపెడతాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఇంట్లో ఇదే వరస.

గేటు ఉండేది కంప్యూటర్ తెర మీద. ఇనుప గేటు, పక్కన ఆరిపోయిన దీపం, దాని కింద కునుకుతీసే కాపలావాడు, ఎడతెగని వాన. ‘దీపాల దీవి’ అనే సాహసాల గేమ్‌లో చివరికి కాస్త ముందు వచ్చే చోటు అది. బాబాయి పదిహేడో ఏట అక్కడిదాకా వచ్చి ఆగిపోయాడు. వయసు కూడా అతనితోపాటే ఆగిపోయింది.

దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. జనాభా లెక్కలకి వచ్చిన గుమస్తా “పోయినసారి కూడా పదిహేడేగా?” అని అడిగి, నాన్న “అవునండీ” అంటే పదిహేడని రాసుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. కండక్టర్లు విద్యార్థి టికెట్టే కొట్టేవాళ్ళు. ఒకప్పటి స్నేహితులు బట్టతలలతో, మనవలతో వస్తే బాబాయి సిగ్గుపడి రెండు మాటలు మాట్లాడి, మూలగదిలోకి జారుకునేవాడు.

మళ్ళీ మొదటినుంచి ఆడదామంటే కుదరలేదు. గేమ్ మూడు ఫ్లాపీల మీద వచ్చింది. మొదటిదాన్ని ఒక స్నేహితుడు తీసుకెళ్ళి, ఎండలో వదిలేసి, అప్పడంలా వంకర చేసి తెచ్చాడు. కంపెనీ మూతపడింది. ఇంటర్నెట్లో దొరికిన కాపీలన్నీ సగంలో చచ్చిపోయేవి. మిగిలింది మూడో ఫ్లాపీ, అందులో గేటు. ఎవరైనా జవాబు చెప్పబోతే బాబాయి రెండు చెవులూ మూసుకునేవాడు. ఒకసారి ఒకాయన మాటల్లో పెట్టి సగం చెప్పేశాడని ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు.

నాన్నకి ఒక్కతే కూతురు. కాలేజీలో ఉండగా గోడల మీద నినాదాలు రాసి, క్యాంటీన్లో బల్ల ఎక్కి మాట్లాడేది కాబట్టి స్నేహితులు మేనిఫెస్టో అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది. ఆమెకి ఆరేళ్ళప్పుడు బాబాయి ఆమెని భుజాల మీద ఎక్కించుకుని ఇల్లంతా తిప్పేవాడు. పదిహేడేళ్ళప్పుడు ఒకరి చెప్పులు ఒకరు వేసుకుని తిరిగారు. పద్దెనిమిదో పుట్టినరోజున బాబాయి “ఇక నువ్వు ముందు నడువు” అన్నాడు, సరదాకే. ఆమె స్నానాలగదిలోకి పోయి తలుపేసుకుంది. ఇప్పుడు ఆమెకి ఇరవైతొమ్మిది.

బాబాయిని ఆ గేటు దాటించాలి. ఆమె గేములు చెయ్యడం నేర్చుకున్నది అందుకే. బయటివాళ్ళకి మాత్రం వేరేగా చెప్పేది. ముక్కూమొహం తెలియనివాళ్ళు తలా కాస్త చందా వేసి తమకి కావలసిన గేమ్ చేయించుకునే సైట్ ఒకటుంది. అందులో ఇలా రాసింది: “పెద్ద కంపెనీలు మన చిన్నతనాన్ని లాక్కుని మనకే అమ్ముతున్నాయి. తిరిగి తెచ్చుకుందాం. దీపాల దీవిని మళ్ళీ కడదాం, పాతది పాతదిగానే. ఆడేవాడిదే ఆట. ప్రతి నిర్ణయం మీ ఓటుతోనే.”

నాలుగువేల నూట పన్నెండు మంది చందా వేశారు. ఆమె, ఒక పెయింటరు కలిసి సైకిల్ షాపు పైన గది తీసుకుని పని మొదలుపెట్టారు. పెయింటరు ఒకప్పుడు దుకాణాలకి బోర్డులు రాసేవాడు. ఆ పని మిషన్లు లాక్కున్నాక గేములకి బొమ్మలు వేస్తున్నాడు. గోడ మీద ‘జ్ఞాపకం ఎవరి సొంత ఆస్తీ కాదు’ అని ఆమె అడిగిన నినాదం ఎర్రరంగుతో రాసిపెట్టింది కూడా అతనే. తప్పుల్లేకుండా రాశాడు, నమ్మకుండా రాశాడు.

ఓట్లు మొదలయ్యాక ఆమెకి తల తిరగడం మొదలైంది. పాతది పాతదిగానే కావాలని అందరూ అన్నారు. పాతది ఎలా ఉండేదో మాత్రం ఏ ఇద్దరికీ ఒకలా గుర్తులేదు. దీపం నీలంగా ఉండేదని కొందరు, పసుపని కొందరు. గేటు గంట కొడితే తెరుచుకునేదని ఒకరు, అసలు గేటే లేదని ఒకరు. మూడొందలమందికి పైగా దీవిలో ఒక కుక్క ఉండేదని ఒట్టేసి చెప్పారు.

“బాబాయ్, దీవిలో కుక్క ఉండేదా?” అని ఆమె మూలగది గుమ్మంలో నిలబడి అడిగింది.

“కుక్క ఏంటి? లేదు.”

“మూడొందలమంది చూశామంటున్నారు.”

“ముప్పై ఏళ్ళనుంచి నేను ఇక్కడే ఉన్నా కదే. ఉంటే కనపడదా?” అన్నాడు బాబాయి, గేటు వంక చూస్తూనే.

ఓటింగులో కుక్క గెలిచింది. పెయింటరు గోధుమరంగు కుక్కని వేశాడు, ఒక చెవి మడతపడి.

“లేని కుక్క గెలిచింది, ఉన్న మనిషి ఓడాడు. ఇదేనా మీ ప్రజాస్వామ్యం?” అని అడిగాడు వేస్తూ వేస్తూ.

“ప్రజలు తప్పు చేసే హక్కు కూడా ప్రజలదే” అంది మేనిఫెస్టో. అన్నాక, ఈ మాట ఎక్కడ చదివానా అని ఆలోచిస్తూ కూర్చుంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. పాత గేముల్లో ఒక దుర్మార్గం ఉండేది. మొదట్లో ఏదో ఒక వస్తువు తీసుకోకుండా ముందుకెళ్ళిపోతే, ఎక్కడో చివర్లో దారి మూసుకుపోతుంది. ఆ సంగతి గేమ్ చెప్పదు. ఆడేవాడు జవాబు ఎదురుగానే ఉందనుకుని గోడకి తల కొట్టుకుంటూ ఉంటాడు. చందాదారులు దీన్ని మూసిన సందు అనేవాళ్ళు, అదేదో బిరుదులాగా. మూసిన సందు ఉండాలా వద్దా అని ఓటు పెడితే, ఉండాలని రెండువేల మూడొందల ఎనిమిది, వద్దని పదిహేనొందల నలభైనాలుగు వచ్చాయి. “కష్టపడనివాడికి గేటు దాటే అర్హత లేదు” అని ఒకాయన రాశాడు. దానికి ఆరొందలమంది చప్పట్లు కొట్టారు.

మెజారిటీని కాదనడం ఆమెకి చేతకాదు. ఇంతకాలం మాట్లాడిందంతా దాని గురించే. సరే, గేటుకి జవాబేమిటో తెలిస్తేనే కదా గేటు చెయ్యగలిగేది అనుకుని, పాత గేమ్ చేసినాయన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయనకి ఇప్పుడు కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఆమె కొత్త గేమ్ చేసుకుంటానని అడిగినప్పుడు రెండు ముక్కల ఉత్తరంతో అనుమతి ఇచ్చినాయనే, కానీ ఆమె ఆయన్ని చూడటం ఇదే మొదలు. సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఒక ఫ్రేమ్ కాడ బిగిస్తున్నాడు.

“గేటు ఎలా తెరుచుకుంటుందో చెప్పాలండీ” అంది ఆమె.

“గొడుగు తీసుకున్నారా?” అన్నాడు ఆయన తలెత్తకుండానే.

“ఏ గొడుగు?”

“మొదటి ఒడ్డున ఇసుకలో గుచ్చి ఉంటుంది. అది వెంట ఉండాలి. వానకి దీపం ఆరిపోతుందా, దీపం వెలగందే కాపలావాడు లేవడు. దీపానికి గొడుగు పట్టి వెలిగించాలి.”

“తీసుకోకుండా వచ్చేస్తే?”

“వచ్చేస్తే ఇంక అంతే.”

“వెనక్కి వెళ్ళి తెచ్చుకోవచ్చుగా?”

“దిగగానే పడవ కొట్టుకుపోతుందిగా. అలా పెట్టింది నేనే.”

“ఎందుకండీ అలా పెట్టారు?”

ఆయన ఫ్రేమ్‌ని వెలుతురుకి ఎత్తి చూశాడు. “గేమ్ చిన్నదమ్మా. తెలిసినవాడు ఆడితే రెండు గంటలు. డబ్బా మీదేమో ‘నెలల తరబడి సాహసం’ అని అప్పటికే అచ్చేయించేశారు. నెలలు నేనెక్కడినుంచి తేను? గొడుగు కనపడీ కనపడకుండా పెట్టాం, పడవని వదిలేశాం. నెలలు వచ్చాయి.”

“మా బాబాయి ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గేటు దగ్గరే ఉన్నాడు.”

“ఏ వయసులో ఆగిపోయాడు?” అని అడిగాడు ఆయన. పదిహేడంది ఆమె. “అలాంటివాళ్ళు ఇంకో ఇద్దరున్నారని విన్నాను. ఒకమ్మాయికి పద్నాలుగట” అని కాసేపు స్క్రూడ్రైవర్ తిప్పుతూ కూర్చున్నాడు. “మీ ఓటింగులో నేనూ వేశాను. మూసిన సందు ఉండాలనే వేశాను.”

“మీరా?”

“అదేదో గొప్ప అని అందరూ పొగుడుతున్నారు. ఇన్నేళ్ళకి నన్ను పొగిడేవాళ్ళు దొరికారు. కాదు బాబూ, అది డబ్బా కోసం చేసిన పని అని ఎలా అనను?”

ఆమె మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, “దీవిలో కుక్క ఉండేదాండీ?” అని అడిగింది.

“లేదు” అన్నాడాయన. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “లేదనే అనుకుంటున్నా” అన్నాడు.

ఆ సాయంత్రం వంటింట్లో నాన్న ఒక్కడే భోంచేస్తుంటే ఆమె మెల్లగా చెప్పింది. “గొడుగు తీసుకోవాలట నాన్నా. మొదటి ఒడ్డు మీద.”

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “ఎండగా ఉంది కదా” అన్నాడు.

“ఏంటి?”

“తెర మీద ఎండ. సూర్యుడు కూడా ఉన్నాడు. గొడుగెందుకురా మోత, పద పద అన్నాను.”

అన్నదమ్ములిద్దరూ ఆ గేమ్ ఆడిన పద్ధతే అది. వాడు నొక్కాలి, నేను చెప్పాలి అని నాన్న షరతు. పక్కన స్టూలు వేసుకుని నాన్న చెప్పేవాడు, తమ్ముడు కీబోర్డు నొక్కి, నొక్కిన ప్రతిదీ నోటుపుస్తకంలో రాసుకునేవాడు. గేటు దగ్గర ఆగిపోయిన వారంలోనే నాన్నకి డిపోలో ఉద్యోగం వచ్చింది. స్టూలు ఖాళీ అయింది.

ఆమె మూలగదిలోకి వెళ్ళి బాబాయి నోటుపుస్తకం తీసింది. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలు: ఒడ్డు. తాడు తీసుకోవాలి. సీసా తీసుకోవాలి. గొడుగు వద్దు, అన్నయ్య చెప్పాడు. పడవ ఎక్కాలి.

మర్నాడు నాన్న మూడు స్టాపులు ఆపకుండా బస్సు తోలుకుపోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో మొదటి మెమో అందుకున్నాడు.

ఆమెకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. కొత్త గేమ్ చేతికిస్తే బాబాయి ఆ నోటుపుస్తకాన్ని పక్కన పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా ఆడతాడు. గొడుగు వదిలేసే వెళ్తాడు. కొత్త గేటు ముందు మళ్ళీ కూర్చుంటాడు. చెప్పేద్దామంటే చెవులు మూసుకుంటాడు. సందు తెరిచేద్దామంటే రెండువేల మూడొందల ఎనిమిదిమందికి ఇచ్చిన మాట. ఇచ్చిన మాట గొప్పదా, ఇంట్లో మనిషి గొప్పవాడా? ఏ పుస్తకం తీసినా రెండు వైపులా సమాధానం ఉంది.

“నాకో అనుమానం” అన్నాడు పెయింటరు, బ్రష్షు కడుగుతూ. “గొడుగు లేకపోతే గేటు తెరుచుకోకూడదు అని ఓటేశారు. అంతేనా?”

“అంతే.”

“పడవ కొట్టుకుపోవాలని ఎవరైనా ఓటేశారా?”

మేనిఫెస్టో అతని వంక చూసింది. ఓటింగు పేజీ తెరిచి మూడుసార్లు చదివింది. పడవ ఊసే లేదు.

“నేను పడవకి తాడు కడతా. నీ ప్రజలకి చెప్పకు” అని పెయింటరు దీవి గట్టున ఒక రాయి వేసి, రాయికి తాడు వేసి, తాడుకి పడవ కట్టాడు. మళ్ళీ ఎక్కితే మొదటి ఒడ్డుకి పోయేలా ఆమె పొద్దుటికల్లా చేసేసింది. తను చేస్తున్నది మోసమో న్యాయమో తేలకుండానే చేసింది. పని అయ్యాక, గేటు దగ్గర కుక్క కూర్చోవడానికి చోటు సరిపోవట్లేదని పెయింటరు దాన్ని తీసుకెళ్ళి పడవలో కూర్చోబెట్టాడు.

గేమ్ బయటికి వెళ్ళింది. అచ్చం పాతదే అని ఒకరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పాతదాని కాలిగోటికి కూడా చాలదని ఒకరు తిట్టారు. దీపం నీలంగా లేదని కొందరు చందా వెనక్కి అడిగారు. కుక్క బాగుంది, అచ్చం అలాగే ఉండేది అని చాలామంది రాశారు. పాతకాలం బతికిందా చచ్చిందా అని చందాదారులు పేజీలకి పేజీలు కొట్టుకుంటుంటే ఆమె అన్నీ చదివింది. చదివేకొద్దీ తను చేసిన గేమ్ బాగుందో లేదో కూడా తెలియకుండా పోయింది. ఒక్కటి మాత్రం లెక్క తేలి కనపడింది. మూసిన సందు ఉండి తీరాలని ఓటేసినవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కూడా అందులో ఇరుక్కోలేదు. అందరూ ముందే కనుక్కుని, గొడుగు తీసుకునే పడవ ఎక్కారు. ఆ రోజు ఆమె గోడ మీద నినాదం కింద కుర్చీ వేసుకుని చాలాసేపు ఏమీ చెయ్యకుండా కూర్చుంది.

ఇరుక్కున్నది ఒక్క బాబాయే. నోటుపుస్తకం చూసుకుంటూ నలభై నిమిషాల్లో గేటు చేరి, వాన, దీపం, కాపలావాడు కనపడగానే “ఆఁ, ఇదీ” అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. పదకొండు రోజులు కూర్చున్నాడు. ఆమె రోజూ గుమ్మం దాకా వచ్చేది, నోరు తెరవబోయేది, వెళ్ళిపోయేది.

“ఎలా ఉంది బాబాయ్?” అని ఒకసారి అడిగింది.

“బాగుంది. గేటు అచ్చం అదే. ఆ కుక్కే చిరాగ్గా ఉంది.”

పన్నెండో రోజు ఆదివారం. నాన్నకి సెలవు, వరండాలో బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు. అమ్మ బట్టలు ఆరేస్తోంది. మూలగదిలోంచి బాబాయి గొంతు వినిపించింది.

“ఇది ఎక్కడికి పోతుందే?”

ఆమె పరిగెత్తింది. బాబాయి గేటు వంక చూడటం లేదు. తెర అంచున పడవలో కూర్చున్న కుక్క వంక చూస్తున్నాడు. నోటుపుస్తకంలో లేనిది ఆ దీవిలో అదొక్కటే.

“పడవ ఉంది” అన్నాడు బాబాయి. “పాతదాంట్లో కొట్టుకుపోయేది. కుక్క కోసం ఉంచారా?”

ఆమె పెదవులు బిగించుకుంది. అతను కాసేపు ఆలోచించి, కుక్క పక్కన అడుగుపెట్టాడు. పడవ కదిలింది. వాన వెనకబడింది. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి గేటుని వదిలి వెనక్కి వచ్చాడు. ఇసుక, ఎండ, ఇసుకలో గుచ్చిన గొడుగు.

బాబాయి దానివంక చాలాసేపు చూశాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, “అన్నయ్యా, ఓసారి ఇలా రా” అని పిలిచాడు.

నాన్న పాలిష్ చేతులతోనే వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పాత స్టూలే. కూర్చోగానే కిర్రుమంది. తమ్ముడికి పదిహేడు, అన్నకి యాభైరెండు.

“గొడుగు తీసుకోనా?” అని అడిగాడు బాబాయి.

నాన్న పాలిష్ అంటిన వేళ్ళని గుడ్డతో తుడుచుకున్నాడు.

“ఆ రోజు నువ్వు వద్దన్నావు” అన్నాడు బాబాయి.

“ఎండగా ఉందిరా.”

“తెలుసు. నాకూ అప్పుడప్పుడూ అనిపించేది, ఆ గొడుగేనేమో అని. మళ్ళీ అనుకునేవాణ్ణి, అన్నయ్య వద్దన్నాడు కదా, అది అయ్యుండదులే, ఇక్కడే ఇంకేదో ఉండుంటుందిలే అని.”

నాన్న పాలిష్ గుడ్డని పిండినట్టు మెలిపెట్టాడు. “నన్నడక్కురా. నీ ఇష్టం.”

బాబాయి తనంతట తనే తీసుకున్నాడు. కుక్క వెంట రాగా పడవ ఎక్కి, దీవి చేరి, వానలో నడిచి, దీపానికి గొడుగు పట్టాడు. దీపం వెలిగింది. కాపలావాడు ఆవులించి లేచాడు. గేటు పెద్దగా చప్పుడేమీ చెయ్యకుండా తెరుచుకుంది.

లోపలికి వెళ్తాడేమోనని తండ్రీకూతుళ్ళిద్దరూ చూశారు. గుమ్మంలోకి వచ్చిన అమ్మ కూడా చూసింది. బాబాయి వెళ్ళలేదు. చుబుకం గోక్కున్నాడు. మళ్ళీ గోక్కున్నాడు. గరుకుగా, రాత్రికి రాత్రి మొలిచినట్టు గడ్డం తగిలింది.

“అన్నయ్యా, నీ గడ్డం సామాను ఎక్కడ పెడతావు?”

నాన్న లేచి, బీరువా పై అరలోంచి ఒక అట్టపెట్టె తీసుకొచ్చాడు. పసుపుబారిన పెట్టె, విప్పని దారం. తమ్ముడికి పద్దెనిమిది నిండుతాయనగా కొని దాచింది. అమ్మ బకెట్లో వేడినీళ్ళు పట్టి, తువ్వాలు అక్కడ పెట్టి మళ్ళీ బట్టల దగ్గరికి వెళ్ళిపోయింది.

అద్దం ముందు బాబాయి నురగ పూసుకుంటుంటే నాన్న ఆపుకోలేకపోయాడు. “అలా కాదురా, ముందు పైనుంచి కిందకి...”

“చెప్పకు అన్నయ్యా” అన్నాడు బాబాయి. “నేను చూసుకుంటా.”

బ్లేడు మొదటి గీతలోనే చుబుకం కింద తెగింది. ఎర్రటి చుక్క నురగలోకి దిగింది. నాన్న చెయ్యి లేచి, గాల్లోనే ఆగి, తువ్వాలు పట్టుకుని ఊరుకుంది.

మేనిఫెస్టో గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. చెప్పకపోవడం మంచిదో చెప్పడం మంచిదో ఆమెకి ఇప్పటికీ తెలియలేదు. మూలగదిలో తెర వెలుగుతూనే ఉంది. తెరుచుకున్న గేటు ముందు కుక్క కూర్చుని, మడతచెవితో, ఎవరైనా వస్తారేమో అని చూస్తోంది.